లక్నవరమా, అండమానా

అక్క: ఈసారి అండమాన్‌కే పోదాం తమ్మీ. బాపుకు డెబ్బై దగ్గరపడ్డయి. అమ్మ సముద్రాన్ని సినిమాల్ల తప్ప చూడలే. వాళ్ల మోకాళ్లు సహకరించినన్ని రోజులే మనం తిప్పగలుగుతం. ఏటేటా వాయిదా వేసుకుంటపోతే ఇగ ఫోటోలల్ల చూపెట్టుడే మిగులుతది.

తమ్ముడు: సముద్రం చూపెట్టుడే ముఖ్యమైతే మానుకోటల రైలెక్కి విశాఖల దిగొచ్చు. పొద్దంత ఆర్కే బీచుల కూసోబెట్టి మర్నాడు తిరిగొస్తం. నువ్వు అడుగుతున్నది సముద్రం కాదక్కా, దీవి. దీవే కావాల్నంటే నాకు భూపాలపల్లి నుంచి రెండు గంటల తొవ్వల లక్నవరం ఉన్నది. కాకతీయులు గుట్టల సందుల్ల మూడు చిన్న కట్టలు పోసి ఆపిన నీళ్లు. నీళ్ల నడుమ దీవులు, వేలాడే వంతెన, దీవి మీదనే పండుకునేటందుకు గదులు. 2024 నవంబరుల మూడో దీవి కూడ తెరిచిన్రు. 2019 దాక అది మా జిల్లాల్నే ఉండె, ఇప్పుడు ములుగుల ఉన్నది. ఇంటి పక్కన ఇంత ఉండంగ, ఏడాది పొదుపు తీసి సముద్రం అవతల పోసుడెందుకు?

అక్క: లక్నవరం నాకు చేదు కాదు. కాని పొద్దున పోయి మాపటికి వచ్చే జాగకు పోతే అమ్మ ఏం చేస్తదో నీకు తెల్వదా? బర్రెకు గడ్డేసినోళ్లు ఎవరు, మిరప కల్లంల తార్పాలిన్ కప్పిన్రా లేదా అని ఫోను పట్టుకునే ఉంటది. దగ్గర జాగల ఆమె ఇల్లు ఇడిసి రాదు. విమానమెక్కి నీళ్లు దాటినంకనే, వారం రోజులు ఇగ ఏం చెయ్యలేనని మనసు ఒప్పుకుంటది. దూరానికి నేను పెట్టే ఖర్సు దాని కోసమే.

తమ్ముడు: అది ఒప్పుకుంట. అమ్మ విషయంల నువ్వన్నది నిజం. మరి ఎప్పుడు పోతం? నాకు చేతిల పైసలు కనబడేది సింగరేణి లాభాల వాటా పడ్డప్పుడు, అంటే దసరా ముంగట. బడులకు సెలవులు గూడ అప్పుడే. కాని అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంల తుఫాన్ల కాలం. వానలు ఇంకా ఇడువవు.

అక్క: దసరాకు వద్దు, నేనే చెప్తున్న. అండమాన్‌ల సముద్రం నిమ్మళంగ ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాక. నీళ్లు తేటగ ఉంటయి, పడవలు ఆగిపోవుడు తక్కువ. మా బడులకు ఏప్రిల్ 24 అటు ఇటుగ ఎండాకాలం సెలవులు ఇస్తరు. ఇచ్చిన తెల్లారే బయలెల్లి మే మొదటివారంల ఇంట్ల ఉండాలె. ఉక్కపోత ఉంటది, కాదన. కాని మనకు జనగామలనే నలభై దాటిన ఎండల అలవాటు.

తమ్ముడు: మేల రుతుపవనాలు మొట్టమొదలు తాకేది అక్కడనే కదా. మామూలుగ మూడో వారం అంటరు, 2025ల మే 13కే వచ్చినయి. పది రోజుల తేడాతోని సెలవంత గదిల కూసోవాల్సి వస్తది.

అక్క: అందుకే మే నడుమ అనట్లే, ఏప్రిల్ ఆఖరు అంటున్న. సెలవులు మొదలైన వారంల పోయేటోళ్లకు, మే 20కి పోయేటోళ్లకు అనుభవంల చాన తేడా ఉంటది. ఈ ఒక్క సంగతి తెల్వక ఎంతమంది పైసలు పోగొట్టుకుంటున్నరో. అగ్గువకు వస్తుందని జూన్, జులై ప్యాకేజీ కొంటరు. అలలు లేస్తే నీళ్లల్ల దిగనియ్యరు, పడవ నడువది.

తమ్ముడు: ఏప్రిల్ ఆఖరు అంటే యాసంగి వరికోత. బాపు ఆ పది రోజులు ఊరు ఇడిసిపెడతడా? హార్వెస్టర్ దొరకాలె, వడ్లు ఆరబొయ్యాలె, కొనుగోలు సెంటర్ల కాంటా అయ్యేదాక కాపలా ఉండాలె. గాలివాన వస్తే కుప్పలు తడుస్తయి. మన ఊరి దిక్కు, కేసముద్రం చుట్టుపక్కల ఏ రైతునైనా ఏప్రిల్ ఆఖరుకు సముద్రం చూద్దాం రా అని పిలిచి చూడు. నువ్వు బడి క్యాలెండరు చూస్తున్నవు, బాపు పొలం క్యాలెండరు చూస్తడు. రెండూ కలిసే వారం నాకు కనబడ్తలేదు.

అక్క: అదే నన్ను తొలుస్తున్నది. సంక్రాంతికి వారం దొరుకుతది, నాట్లు ముందుగాల పడితే బాపుకు వీలైతది. కాని అప్పుడు విమానం టికెట్లు, గదులు అన్నీ చాన పిరం. సంక్రాంతికి పోవాల్నంటే ఆగస్టు, సెప్టెంబరుల్నే టికెట్లు తీసుకోవాలె. అంటే నీ లాభాల వాటా పడకముందే.

తమ్ముడు: చూసినవా! లక్నవరానికి ఈ తిప్పలే లేవు. వానాకాలం నిండినంక సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాక ఎప్పుడైనా పోవచ్చు. బాపుకు ఏ రెండు రోజులు కుదిరితే ఆ రెండు రోజులే. రామప్ప తొవ్వల్నే ఉన్నది. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక పరాయి దేశాలోళ్లు వచ్చి చూస్తున్నరు, మన అమ్మ చిన్నప్పుడెప్పుడో బండి కట్టుకొని పోయింది, అంతే.

అక్క: ఎండాకాలంల ఏముంటది మరి అక్కడ? అది మొదలు చెరువు, ఆ తర్వాతనే టూరిజం. యాసంగి పొలాలకు నీళ్లు వదులుతుంటె మట్టం దిగుతది, గట్లు తేలుతయి. వదలాల్సిందే, అది రైతు నీళ్లు. పిల్లలకు ఎక్కువ సెలవులు ఉన్నప్పుడు మాత్రం నీ దీవి అందం సగమే. శని, ఆదివారాలు పోతే సందు దొరకది, గదులు వారాల ముందే అయిపోతయి. మేడారం జాతర ఏడాది అయితే ఆ నెలంత ములుగు తొవ్వల బండ్లే బండ్లు. 2026 జనవరి ఆఖరుల జాతర ఉండె, ఆ రోజుల్ల అటు విహారానికి పోయే మాటే లేదు.

తమ్ముడు: వారం నడుమ పోవాలె. మంగళవారం, బుధవారం పోతే నీళ్ల చప్పుడు తప్ప ఏమీ ఉండది. శనివారం పోయినోళ్లు సీసాలు, ప్లాస్టిక్ పళ్లేలు ఇడిసి వచ్చుడు నాకు గూడ కడుపు మండే సంగతే. ఆ విషయంల లక్నవరాన్ని నేను వెనుకేసుకరాను.

అక్క: ఇగ అసలు మాట చెప్త. అండమాన్ అంటే నాకు బీచు ఒక్కటే కాదు. 1857 జులైల హైదరాబాద్‌ల బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అక్కడికే పంపిన్రు, అక్కడనే చచ్చిపోయిండు. అప్పటికి సెల్యులార్ జైలే లేదు, అది 1906ల పూర్తయింది. బ్రిటిషోళ్ల మీద లేచిన రంప పితూరీల పట్టుబడ్డ గాం మల్లుదొరను కూడ ఆ కాలాపానీకే, అంటే అండమాన్‌కే పంపిన్రు. తిరిగొచ్చి 1952ల లోక్‌సభకు గెలిచిండు. మా బడిల పిల్లలకు ఈ ఇద్దరి పేర్లు చెప్తే సినిమా పేర్లు విన్నట్టు వింటరు. ఏడు కొమ్మల జైలుల మిగిలిన మూడు కొమ్మలల్ల నిలబెట్టి, ఆ గది వెడల్పు చేతుల్తోని కొలిపించి చెప్తే అది వేరే పాఠం. తెరిచి ఉండే రోజులు, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఏ భాషల ఏ టైముకో ముందే కనుక్కోవాలె, అక్కడికి పోయి అడిగేది కాదు.

తమ్ముడు: ఈ మాట మీద నాకు ఎదురు లేదు. పిల్లలకు అది చూపెట్టాలె. కాని పిల్లలను వేరే తీస్కపోవచ్చు, అమ్మాబాపులను వేరే తీస్కపోవచ్చు. అందరినీ ఒక్క తాడుకు కట్టి లాగుడే నాకు నచ్చుతలేదు. బాపుకు బీపీ, షుగరు. జీబీ పంత్ దవాఖాన ఉన్నది శ్రీవిజయపురంల, అదే మొన్నటి పోర్ట్ బ్లేయర్. హేవ్‌లాక్ దీవిల రాత్రిపూట ఛాతిల నొప్పంటే? పెద్ద దవాఖానకు పోవాల్నంటే నీళ్లు దాటాలె. లక్నవరం నుంచి అయితే ములుగు, అటెంక వరంగల్ ఎంజీఎం, అంత రోడ్డే.

అక్క: పోయే ముందు డాక్టరుకు చూపెట్టి, మందులు రెండింతలు పట్టుకొని, సగం నా సంచిల సగం నీ సంచిల పెడదాం. పడవ ఎక్కే అరగంట ముందు వాంతుల గోలీ. వాళ్లకు అన్నీ చూపెట్టాల్నన్న ఆశ ఇడుద్దాం. చానమంది చేసే తప్పు, ఐదు రోజుల్ల ఆరు దీవులు చుట్టుడు. మనం శ్రీవిజయపురం కాక రెండే దీవులు. దిగిన రోజు శ్రీవిజయపురంల జైలు. మర్నాడు పొద్దున పడవల హేవ్‌లాక్, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నరు. అక్కడ రెండు రాత్రులు. తర్వాత నీల్, అదే శహీద్ ద్వీప్, ఒక రాత్రి. మళ్ల శ్రీవిజయపురం వచ్చి ఒక రోజు ఖాళీ. అటెంక విమానం.

తమ్ముడు: ఖాళీ రోజు ఎందుకు? గదికి పైసలు దండుగ కదా.

అక్క: అది దండుగ కాదు, అన్నిటికన్న పనికొచ్చే ఖర్సు అదే. గాలి ఎక్కువుంటే పడవలు ఆపేస్తరు. హేవ్‌లాక్‌ల ఉండి మర్నాడు పొద్దుగాల విమానం పెట్టుకున్నోళ్లు గుండె చేతిల పట్టుకొని కూసుంటరు. ఆఖరు రాత్రి విమానాశ్రయం ఉన్న దీవిల్నే ఉండాలె. స్కూబా చేసేది ఉంటే అది కూడ ముందు రోజుల్ల చెయ్యాలె, నీళ్ల లోతుకు పోయి వచ్చినంక కనీసం ఒక రోజన్న విమానం ఎక్కొద్దు.

తమ్ముడు: ఒక్క ఖాళీ రోజు సరిపోతదా? 2016 డిసెంబరుల, మంచి సీజన్ అనుకునే నెలల్నే, తుఫాను పట్టుకుంటే హేవ్‌లాక్, నీల్ దీవుల్ల వెయ్యిమందికి పైగా చిక్కుకున్నరు, నేవీ పోయి తీసుకొచ్చింది. నాకు లీవు పెరిగితే మస్టర్లు, అంటే హాజరు తగ్గుతయి, మస్టర్లు తగ్గితే లాభాల వాటాల కోత పడుతది. నీకు సెలవు జీతంతోని ఉంటది, నాది అట్ల కాదు. ఇంకో మాట చెప్తే బాధపడొద్దు. కాజీపేట పక్కన కడిపికొండ సంగతి మరిచిపోయినవా? 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూద్దామని పోయిన ఆ ఊరోళ్లు కచ్చులూరు దగ్గర గోదాట్ల మునిగిన్రు. ఆ వారం మన దిక్కు ఎవరింట్ల పొయ్యి సరిగ్గ వెలగలే. నీళ్లు తెల్వని ఊర్లోళ్లం అక్కా. మనకు ఏ అల మంచిదో ఏ సుడి చెడ్డదో తెల్వది.

అక్క: మరిచిపోలే. కాని ఆ లెక్క లక్నవరానికి కూడ వర్తిస్తది. చెరువుల పడవ మునిగినా మునుగుడే. నీళ్లు తెల్వనోళ్లకు నేను పెట్టే షరతులు ఇవి. లైఫ్ జాకెట్ తొడిగి బకిల్ బిగించినంకనే పడవ కదలాలె, చిన్న పడవల మనుషులు ఎక్కువైనరనిపిస్తే పైసలు పోయినా దిగిపోవాలె. గాలి లేచినప్పుడు పడవోడు వద్దంటే మనం బతిలాడొద్దు. అండమాన్ బీచులల్ల మొసలి బోర్డు ఉన్నచోట కాలు పెట్టొద్దు, అది అలంకారానికి పెట్టింది కాదు. పొద్దు జల్ది గూకుతది, చలికాలంల ఐదుకే మసక, ఏప్రిల్‌ల ఐదున్నర. మన టైము పెట్టుకొని ఆరు దాక నీళ్లల్ల ఉందాం అనుకుంటే కుదరది. పొద్దుగాల ఐదుకే తెల్లారుతది, బాపు లేచేది అప్పుడే, తిరుగుడు పని పగటీలిలోపు ముగించుకోవాలె.

తమ్ముడు: అమ్మాబాపులు ఈతకు దిగరు. ఒడ్డున కూసునేటందుకు అంత దూరమా?

అక్క: అద్దం అడుగు పడవలు ఉన్నయి. పగడాలు, చేపలు కూసున్నకాడికే కనబడతయి. నీల్‌ల భరత్‌పూర్ బీచుల నీళ్లు మోకాలు లోతే చాన దూరం. పోటు ఎప్పుడు ఆటు ఎప్పుడు అని గదిల అడిగి పోవాలె, ఆటుల నీళ్లు వెనక్కి పోతే పదునైన రాళ్లు తేలుతయి, ముసలోళ్లు నడువలేరు. రబ్బరు చెప్పులు తప్పదు. పిల్లలు గవ్వలు, పగడం ముక్కలు ఏరుకుంటే నేనే పారబోపిస్త. పగడం సంచిల పెట్టుకొని రావుడు నేరం, విమానాశ్రయంల తనిఖీ ఉంటది.

తమ్ముడు: తిండి?

అక్క: దానికి రంది లేదు. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనంల నూటికి పదమూడు మంది తెలుగోళ్లు, ఎక్కువ శ్రీకాకుళం, విశాఖ దిక్కు నుంచి పోయి స్థిరపడ్డోళ్లు. అన్నం, చారు, చాపల పులుసు దొరుకుతది. అమ్మ పచ్చడి పట్టుకొస్త అంటే చేతి సంచిల వద్దు, లగేజీల వెయ్యాలె. నగదు కొంచెం ఎక్కువ పెట్టుకోవాలె. 2020ల చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసినంక ఫోన్లు బాగుపడ్డయి, కాని చిన్న దీవుల్ల ఫోన్‌పే ఆగితే నిలబడి చూడాల్సి వస్తది.

తమ్ముడు: ఖర్సు తగ్గించుకోవాల్నంటే ఓడ ఉన్నది కదా? చెన్నై నుంచి, విశాఖ నుంచి గూడ.

అక్క: పడుచోళ్లకు, టైము ఉన్నోళ్లకు మంచిదే. ఒక్కో దిక్కు రెండున్నర మూడు రోజులు. తేదీలు కూడ చాన ముందుగాల తెల్వయి. పది రోజుల సెలవుల ఆరు రోజులు ఓడలనే అయితే బాపు నడుము ఆగది. హైదరాబాద్ నుంచి విమానం రెండున్నర గంటలే. నాకు జనగామ నుంచి సుళువు. నువ్వు భూపాలపల్లి నుంచి, వాళ్లు మానుకోట నుంచి ముందు రోజు రాత్రికే మా ఇంటికి చేరాలె.

తమ్ముడు: నీ పట్టీల బారాటంగ్ సున్నపురాయి గుహలు ఉన్నయని పిల్లలు చెప్పిన్రు.

అక్క: ఉన్నయి. ఒక్క రోజు పని. పొద్దుగాల్నే బయలెల్లి కాన్వాయిల పోవుడు.

తమ్ముడు: అది తీసేయాలె. మిగిలినవాటి మీద నీతోని బేరం ఆడుత, దీని మీద ఆడను. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడివి నుంచి పోతది. పోలీసుల కాన్వాయి, బండి ఆపొద్దు, ఫోటో తియ్యొద్దు, తిండి ఇయ్యొద్దు అన్న నిబంధనలు ఎందుకు పెట్టిన్రు? 2012ల వాళ్లతోని ఆటలాడించిన వీడియోలు బయటపడ్డయి. 1999ల వాళ్లకు తట్టు సోకింది, బయటి మనిషి దగ్గు కూడ వాళ్లకు ఆపదే. కాన్వాయిల ఉన్నోళ్లల్ల చానమంది గుహల కోసం కాదు, కిటికీల నుంచి వాళ్లు కనబడతరేమో అని పోతరు. మేడారం తొవ్వల కోయగూడేలకు పోయి పొయ్యి కాడి ఆడోళ్లను ఫోను తీసి షూట్ చేసేటోళ్లను చూసినప్పుడు నాకు పట్టరాని కోపం వస్తది. మాతోని పనిచేసేటోళ్లల్ల కోయోళ్లున్నరు, నాయకపోడోళ్లున్నరు. రేపు వాళ్ల మొఖం చూసి నేను బారాటంగ్ పోయిన అని ఏం చెప్పాలె?

అక్క: గుహలు చూసే ఆశ నాకున్నది, నిజం చెప్తున్న. రోడ్డు ప్రభుత్వం తెరిచిందే, నిబంధన పాటిస్తే తప్పేంది అని నేను అనుకున్న. ... సరే, తీసేద్దాం. పిల్లలకు ఎందుకు పోవట్లేదో కూడ చెప్దాం.

తమ్ముడు: అయితే నేను గూడ ఒకటి ఇడుస్త. వారం రోజులు ఇంటి గోల లేకుండ అమ్మ కూసునుడు లక్నవరంల జరగది, ఒప్పుకుంటున్న. కాని నా దిక్కు ఒక్కసారి చూడు. లక్నవరంల పడవ నడిపేటోడు, పక్కూళ్లె చేపలు పట్టేటోడు, చాయ పోసేటోడు మన పక్క మండలాలోళ్లే. అండమాన్ ఖర్సుల కొద్దిగ ఇక్కడ పెడితే ఏడాదికి మూడు మాట్లు పోవచ్చు. బాపు ఒక్కసారి సముద్రం చూసుడు గొప్పనా, ఏడాదికి మూడు మాట్లు మనందరితోని రెండు రెండు రోజులు ఉండుడు గొప్పనా? మన ఇద్దరం ఆయనతోని కలిసి పండుకున్న రాత్రులు ఎన్ని ఉన్నయి ఈ ఐదేండ్లల్ల?

అక్క: ఆ మూడు మాట్లు మనం పోతమా తమ్మీ? దగ్గర ఉన్నది కాబట్టే పోలే. రామప్పకు అమ్మను నువ్వు ఎన్నడు తీస్కపోయినవు? ఎప్పుడైనా పోవచ్చు అనుకునేది ఎప్పటికీ పోకుండ మిగులుతది. విమానం టికెట్టు కొంటే పోవాల్సిందే, పైసలు పోయినయి గనుక నీకు లీవు పెట్టక తప్పది.

తమ్ముడు: పైసలు పోతయన్న భయంతోని కలుసుకునే ఇల్లు మనది కావొద్దనే నా బాధ.

అక్క: భయమో ఇంకేదో, కలుసుకుంటే చాలు నాకు.

తమ్ముడు: బాపును అడిగినవా మరి? నువ్వు అడుగు, నేను అడిగితే పొలం ముచ్చట తీస్తడు.

అక్క: అడిగిన. నాట్లు ఎప్పుడు పడతయో వానలను బట్టి చెప్త అన్నడు.

తమ్ముడు: సంక్రాంతి టికెట్లు ఆగస్టుల్నే తియ్యాలంటివి. నాట్ల సంగతి తెలిసేది డిసెంబరుల.

అక్క: రద్దు చేస్తే పైసలు తిరిగొచ్చే టికెట్లు ఉంటయి. కొంచెం పిరం.

తమ్ముడు: ఆ పిరం ఎంతో ముందు చెప్పు. నీ ఖాళీ రోజు గది ఖర్సు, నా కోతపడే మస్టర్లు అన్నీ అందుల కలుపు. వచ్చే బుధవారం నాకు లీవున్నది, లక్నవరంల గది దొరికితే అమ్మాబాపులను తీస్కపోత. నువ్వు గూడ రా, లెక్క అక్కడ చూద్దాం.

అక్క: బుధవారం నాకు బడి.